కదలని చుక్క

మాల్యాద్రి హామ్ రేడియో లైసెన్సు తెచ్చుకుని పందొమ్మిదేళ్లయింది. సరదాకి రేడియో సెట్లు కట్టుకుని, సర్కారు పెట్టే పరీక్ష రాసి, గాల్లో ఒకరితో ఒకరు మాట్లాడుకునే వాళ్లను హామ్‌లంటారు. మాల్యాద్రి హామ్ అయితే అయ్యాడు గానీ, ఈ పందొమ్మిదేళ్లలో ఎవరికీ ఏ హామీ ఇచ్చి ఎరగడు. ఇచ్చింది ఒక్కటే. పోయిన నెల అత్తగారింట్లో చేపల పులుసన్నం తింటూ, "నీ కొడుకు సముద్రంలో యాడుండేదీ ఇంట్లో కూర్చోని చూడొచ్చు అత్తా, నాదీ పూచీ" అన్నాడు. పులుసు బాగుంది, నోరు జారింది. ఆ హామీ నవంబరులో ఒక ఆదివారం పొద్దున తొమ్మిదింటికి చేపముల్లులా గొంతులో అడ్డం తిరిగింది.

మనిషికి యాభైకి రెండు తక్కువ. గూడూరులో ఒక పాలిటెక్నిక్‌లో ల్యాబ్ అసిస్టెంటు. పగలంతా పిల్లలు కాల్చిన మీటర్లు బాగుచేస్తాడు. సాయంత్రం ఇంటికొచ్చి తన ప్రోగ్రాం రాసుకుంటాడు. దాని పేరు 'తీరం'. పేరు తీరమే గానీ ఆ పని తీరదు. ఎనిమిదేళ్లుగా తీరలేదు. కాస్త తీరిక దొరికితే తీరం ముందు కూర్చుంటాడు కాబట్టి ఇంట్లో బల్బు మార్చడానికి కూడా తీరిక దొరకదు. "నీ తీరే అంత" అంటుంది భార్య సామ్రాజ్యం. ఆ ఇంట్లో సామ్రాజ్యం పేరూ ఆమెదే, ఏలుబడీ ఆమెదే.

తీరం ఏం చేస్తుందో చెప్పడం తేలిక. ఒక చిన్న రేడియో పెట్టె రెండు నిమిషాలకొకసారి "నేను ఫలానా, ఫలానా చోట ఉన్నాను" అని గాల్లోకి ఒక చీటీ విసురుతుంది. ఒడ్డున ఇంకో రేడియో ఆ చీటీని పట్టి కంప్యూటర్‌కిస్తుంది. తీరం దాన్ని పటం మీద చుక్కగా పెడుతుంది. అంతే.

చెప్పడం తేలిక, నడిపించడమే కష్టం. ఎందుకంటే లోకంలో కంప్యూటర్లు ఒక రకం కాదు. కోడు ఒకటే, దాన్ని వండుకోవాల్సిన తోడికోడళ్లు ముగ్గురు. మాల్యాద్రి ల్యాప్‌టాప్‌లో ఉండేది లైనక్స్. అక్కడ వండింది అక్కడ చక్కగా ఉడికేది. అదే విండోస్ గడప దాటిస్తే, లోపలున్న వైరస్‌ల కాపలావాడు "దొంగ, దొంగ!" అని తీరాన్ని పట్టుకుని కొట్లో వేసేవాడు. మ్యాక్ అయితే ఇంకా మర్యాదస్తురాలు. "దీన్ని రాసినాయన ఎవరో మాకు పరిచయం లేదండీ" అని వాకిట్లోనే నిలబెట్టేది.

ఒక్కడితో అయ్యేది కాదని తెలిసి, మాల్యాద్రి తీరాన్ని లోపలి రాతతో సహా ఇంటర్నెట్లో పెట్టేశాడు. ఎవరైనా తీసుకోవచ్చు, చదవొచ్చు, దిద్దొచ్చు. ఇంత చాకిరీ ఉచితంగా ఇవ్వడం ఉచితమేనా అని ప్రిన్సిపాలు అడిగితే, "ఉచితమే ఉచితం సార్" అన్నాడు. ఫిన్లండ్ నుంచి ఒకాయన విండోస్ భాగం రాసి పంపాడు. ఆయన మొహం కూడా మాల్యాద్రి చూసి ఎరగడు. మ్యాక్ భాగం దొరవారిసత్రంలో పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసే భానుప్రియ రాసింది. ఆమె కూడా హామే. వాళ్లింట్లో అందరూ వరి వేస్తే ఆమె వైరు వేసింది.

అలా ముగ్గురు మూడు చోట్ల కూర్చుని రాశారు. చుక్క ఎర్రగా ఎప్పుడుండాలి, ఎప్పుడు వెలిసిపోవాలి అని ముగ్గురూ కలిసి ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు.

సామ్రాజ్యం పుట్టిల్లు కొత్తకుప్పం. కృష్ణపట్నం రేవుకు దక్షిణంగా, ఇసుక మీద రెండొందల ఇళ్ల ఊరు. ఆమె తమ్ముడు పెంచలకృష్ణకు ఫైబరు బోటుంది. బావను చూసి ముచ్చటపడి, హామ్ పరీక్ష ఒకసారి తప్పి, రెండోసారి గట్టెక్కాడు. అతని బోటుకు రేడియో పెట్టె బిగించింది శనివారం సాయంత్రం. పెట్టెతో మొదటి వేట ఆదివారం. ఆ మొదటి వేటను కళ్లారా చూడాలనే మాల్యాద్రి గూడూరు నుంచి బస్సులో ల్యాప్‌టాపు, రేడియో, ఒక యాంటెన్నా మోసుకొచ్చాడు. పీవీసీ పైపుకు అల్యూమినియం కడ్డీలు బిగించిన ఆ యాంటెన్నాకు కండక్టరు అర టిక్కెట్టు కొట్టాడు.

పెంచలకృష్ణ మరో ముగ్గురితో తెల్లారుజామున నాలుగింటికి వేటకు పోయాడు. మాట్లాడే సెట్టు ఛార్జింగ్‌కి పెట్టి ఇంట్లోనే మరిచిపోయాడు. నడిసముద్రంలో ఫోను ఎలాగూ అందదు. పెట్టె ఉంది కదా అనుకున్నారు అందరూ. దక్షిణంగా పోతుందన్న వాయుగుండం ఎనిమిదింటికి మనసు మార్చుకుంది. ఈశాన్యం గాలి లేచింది. పోయిన పన్నెండు బోట్లలో పదకొండు తిరిగొచ్చాయి.

రాని ఒక్కటి పెంచలకృష్ణది.

మత్స్యకారుల సొసైటీ ఆఫీసులో, తీరం ఎక్కించిన విండోస్ కంప్యూటర్ ముందు ఊరు ఊరంతా గుమిగూడింది. కుర్చీలో గుమాస్తా బెన్హర్. తెర మీద నీలంగా సముద్రం, అందులో ఎర్రటి చుక్క ఒకటి.

"అన్నా, మీ బావమరిది కదల్లే" అన్నాడు బెన్హర్. "ఆరూ ఇరవై కాణ్నుంచి ఒక్క చోటే కూర్చోనుండాడు. మనకు తూర్పుగా పద్దెనిమిది కిలోమీటర్లు."

"వల వేసుంటాడు" అన్నారెవరో.

"మూడు గంటలు కూర్చోడానికి అది వలా, వలపా?" అన్నాడు మాల్యాద్రి. ఎవరూ నవ్వలేదు. అతనికీ నవ్వు రాలేదు. భయం వేసినప్పుడు నోట్లో మాటల మీద మాటలు పుట్టడం అతనికి చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు.

ఊరి పెద్ద మాలకొండయ్య తెర ముందుకు వంగి చుక్కను వేలితో తాకాడు. అరవై దాటిన మనిషి, మాట తక్కువ. "ఇంజను ఆగిపోయింటాది. లంగరేసుంటాడు. ఈ గాలికి లంగరు ఎంతసేపు నిలస్తాది? రేయ్, మూడు బోట్లు దించండి. బోటుకి నలుగురు."

బయట మగవాళ్లు బోట్ల వైపు పరుగెత్తారు. ఆ సందట్లో మాల్యాద్రి తన ల్యాప్‌టాపు తెరిచాడు. అందులోనూ అదే చుక్క, అదే చోట. కానీ ఎరుపు కాదు, బూడిదరంగు. తీరంలో ఆ రంగుకు అర్థం అతను పెట్టిందే: గంట పైబడి కబురు లేదు. అంటే పెట్టె నోరు పడిపోయినట్టు. పెట్టె నోరు పడిపోయిందంటే...

అంతలో భానుప్రియ ఫోను.

"అన్నా, గాలి బాగా లేచింది, మీ బోటు వచ్చేసినట్టుందే? నా మ్యాక్‌లో కనపడ్డం లే!"

"బూడిదరంగుకు మారిందా?"

"రంగు కాదన్నా. అసలు చుక్కే లేదు."

ఒక చుక్క ఎర్రగా ఉంది, ఒక చుక్క బూడిద పూసుకుంది, ఒక చుక్క మాయమైంది. చుక్క సంగతేమో గానీ మాల్యాద్రికి పట్టపగలు చుక్కలు కనపడ్డాయి. వెనక నుంచి అత్తగారు వెంకటశేషమ్మ భుజం పట్టుకుంది.

"ఏంది నాయనా, పటంలో లేడంటా ఉండారు?"

పటంలో ఉండాల్సినవాడు గోడ మీద పటమవుతాడా అనే మాట అతని లోపల పుట్టింది. పుట్టి, పళ్ల దాకా వచ్చి, మళ్లీ లోపలికే పోయింది. మాట మింగడం అతని జన్మలో అదే మొదలు.

"ఏమయ్యా" అంది సామ్రాజ్యం, గొంతు తగ్గించి. ఆమె గొంతు తగ్గిస్తే ఇంకా భయం. "మూడు కంప్యూటర్లు మూడు మాటలు చెప్తా ఉండాయి. ఏది నమ్మాల?"

"చూస్తా ఉండా."

"చూసేదేంది? నువ్వు రాసిందే గదా!"

"మొదట రాసింది నేనే సామ్రాజ్యం. తర్వాత తలా ఒక చెయ్యి వేసినాం."

మాలకొండయ్య మళ్లీ లోపలికొచ్చాడు. పంచె మోకాళ్ల దాకా తడిసింది. "అల్లుడా, నాకు ఒక్క మాట చెప్పు. ఆ ఎర్రచుక్క కాడికి పోవాల్నా, వద్దా? పోతే పన్నెండు మందిని ఈ గాల్లోకి తోలతా ఉండా. పోకపోతే ఆడ నలుగురు. నీ మిషను ఏం చెప్తాదో అదే నా మాట."

ఎనిమిదేళ్లలో తీరాన్ని ఇంత నమ్మినవాడు ఇంకొకడు లేడు. ఆ నమ్మకం మాల్యాద్రి నెత్తిన బస్తాలా పడింది. పదహారు మంది ప్రాణాలు, చేతిలో మూడు అబద్ధాలు.

"పది నిమిషాలు ఇయ్యి మామా."

"నేనిస్తా. గాలి ఇయ్యద్దా?"

మాల్యాద్రి పటాన్ని మూసేశాడు. రంగులు, చుక్కలు, నీలం సముద్రం అన్నీ పోయాయి. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాల్లో, గాల్లోంచి వచ్చిన చీటీలు వచ్చినట్టే, పచ్చిగా వరసన నిలబడ్డాయి. ప్రతి చీటీలో రెండు సమయాలుంటాయి. ఒకటి, చీటీ ఒడ్డుకు చేరిన సమయం. రెండోది, పెట్టె చివరిసారి ఆకాశాన్ని చూసిన సమయం. పైన తిరిగే ఉపగ్రహాలు కనపడితేనే పెట్టెకు తన చోటు తెలుస్తుంది.

ఆఖరి చీటీ చేరింది తొమ్మిదీ ఇరవై రెండుకు. అంటే నిమిషం కింద. దాని ముందుది తొమ్మిదీ ఇరవైకి. దాని ముందుది పద్దెనిమిదికి. ఒక్కటీ తప్పలేదు. కానీ అన్నిటిలోనూ రెండో సమయం ఒకటే: ఆరూ ఇరవై.

పెట్టెకు నోరు ఆడుతూనే ఉంది. కన్నే మూసుకుంది.

"బతికుండారు" అన్నాడు. గట్టిగానే అన్నాడు. "అత్తా, బోటు తేలతానే ఉంది. పెట్టెకు బ్యాటరీ బోటు అడుగున, పలక కింద పెట్టినాం. నీళ్లు నిండితే ముందు పోయేది అదే. అది పోలే. నిమిషం కింద కూడా పలికింది."

వెంకటశేషమ్మ అక్కడే నేల మీద కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సామ్రాజ్యం గోడకు ఆనుకుంది. బెన్హర్ మాత్రం తెర వైపు చూపించాడు. "మరి ఈ మూడు రకాలేందన్నా?"

అది చెప్పడానికి మాల్యాద్రికి సిగ్గేసింది. ఆకాశం కనపడనప్పుడు పెట్టె ఖాళీ చీటీ పంపితే బాగుండదని, 'పాత చోటే మళ్లీ చెప్పు' అని దానికి నేర్పింది తనే. తన లైనక్స్ ఆకాశం చూసిన సమయాన్ని లెక్కలోకి తీసుకుని, పాతదని బూడిదరంగు పూసింది. ఫిన్లండాయన విండోస్ చీటీ చేరిన సమయాన్ని చూసి, తాజాదని ఎర్రరంగు వేసింది. భానుప్రియ మ్యాక్ అయితే, మూడు గంటల కిందటి చోటు చూపించి జనాన్ని తప్పుదారి పట్టించడమెందుకని చుక్కనే తీసేసింది. ముగ్గురూ బుద్ధిగానే రాశారు. ముగ్గురివీ కలిపితే గానీ నిజం కాలేదు.

"అంటే ఆ ఎర్రచుక్క కాడ బోటు లేదు" అన్నాడు మాలకొండయ్య.

"ఆరూ ఇరవైకి ఉన్నింది మామా. ఇప్పుడు లేదు."

"మరి యాడుండాది?"

"అది పెట్టెకే తెలీదు."

మాల్యాద్రి తనలో తాను గొణుక్కున్నాడు. "పెట్టె బాగానే ఉంది. నిన్న నేనే చూసినా. ఆరూ ఇరవైకి దాని కన్నెట్టా మూసుకుంటాది? అప్పుడేం జరిగింటాది?"

కింద కూర్చున్న వెంకటశేషమ్మ కొంగు తీసింది. "పొద్దు పొడిచింటాది" అంది మెల్లిగా.

"పొద్దు పొడిస్తే ఏంది అత్తా?"

"పొద్దు నీళ్ల మీదికొచ్చినాక కట్టమని చెప్పినా."

"ఏం కట్టమని?"

"రాగిరేకు నాయనా. కొత్త సామాను బోటెక్కితే యంత్రం గీయించిన రేకు కడతాం. ఒడ్డున కట్టకూడదు. ఒడ్డు కనపడనంత లోపలికి పోయినాక, పొద్దుకు చూపించి కట్టాల. ఇంజనుకు కట్టినాం, కొత్త వలకు కట్టినాం. అల్లుడిచ్చిన పెట్టెకు కట్టకపోతే బాగుంటాదా? నువ్విచ్చిందని పెద్దదే చేయించినా. అరచెయ్యంత."

"యాడ కట్టమన్నావు?"

"నెత్తిన."

పెట్టె కన్ను ఉండేది సరిగ్గా నెత్తినే. దాని మీద అరచేయంత రాగి పరిస్తే ఉపగ్రహం కాదు గదా, నవగ్రహాలు కూడా తొంగిచూడలేవు.

"యంత్రం మీద యంత్రం కట్టించినావా అత్తా!" అన్నాడు మాల్యాద్రి. ఆవిడ కట్టించింది రేకే గానీ ఊరంతటికీ ఆందోళన రేకెత్తించింది.

వెంకటశేషమ్మకు అప్పుడు అర్థమైంది. "నా చేత్తో నేనే నా బిడ్డ కన్ను మూసినానా?"

మాల్యాద్రి గబుక్కున ఆవిడ ముందు కూర్చున్నాడు. "కన్ను మూసింది పెట్టెది, పెంచలయ్యది కాదు. తప్పు నాది అత్తా. పెట్టె ఇచ్చినా గానీ, నెత్తిన ఏం పెట్టకూడదో చెప్పలే. మీ ఆచారం నేనడగలే. నోరు ఇంకా ఆడతా ఉంది గదా. అరుపు వినపడితే చాలు, ఏ దిక్కు నుంచో పట్టుకోవచ్చు. బెన్హర్, మేడ మీదికి తాళం తియ్యి. సామ్రాజ్యం, ఆ అర టిక్కెట్టుదాన్ని తీసకరా!"

సొసైటీ మేడ మీద గాలి నిలబడనివ్వడం లేదు. ఆ యాంటెన్నా ఎటు తిప్పితే అటు దిక్కు నుంచి వచ్చే అరుపును గట్టిగా వింటుంది. మిగతా దిక్కులకు చెవుడు. మాల్యాద్రి దాన్ని భుజాన పెట్టుకుని తూర్పుకు, ఎర్రచుక్క వైపుకు తిప్పి నిలబడ్డాడు. పెట్టె రెండు నిమిషాలకొకసారి అర సెకను అరుస్తుంది. ఆ అర సెకను కోసం కాచుక్కూర్చోవాలి. పక్కన బెన్హర్ రేడియో మీటరు చూస్తున్నాడు. సామ్రాజ్యం మొగుడి చొక్కా వెనక నుంచి పట్టుకుంది, గాలికి ఎగిరిపోతాడేమోనని.

చిర్రుమంది.

"ముల్లు కదిలీ కదలనట్టుగా కదిలింది" అన్నాడు బెన్హర్.

ఆగ్నేయానికి తిప్పాడు. రెండు నిమిషాలు. చిర్రుమంది. "సగానికి వచ్చింది."

దక్షిణానికి తిప్పాడు. రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో సామ్రాజ్యం ఎంతమంది దేవుళ్లకు మొక్కిందో ఆమెకే తెలియదు. చిర్రుమంది.

"ముల్లు గోడక్కొట్టుకుందన్నా!"

అటు రవ్వంత, ఇటు రవ్వంత తిప్పి మరో రెండు అరుపులు విన్నారు. దక్షిణమే, కాకపోతే ఒక వెంట్రుక తూర్పు. మాల్యాద్రి భానుప్రియకు ఫోను చేశాడు. ఆమె అప్పటికే తన మేడ మీద తన యాంటెన్నా పట్టుకుని నిలబడి ఉంది. చెప్పకుండానే. హామ్‌లతో ఉన్న సుఖం అదే.

"సన్నగా వినపడతా ఉందన్నా. రెండొందల ఇరవై డిగ్రీలు. రాసుకో."

రాసుకుని పటం మీద గీత గీస్తే, కొత్తకుప్పం గీత సముద్రం పక్కనే దక్షిణంగా పోయింది. దొరవారిసత్రం గీత నైరుతిగా తిరిగి నేరుగా తమిళనాడులోకి దూసుకుపోయింది. రెండు గీతలూ ఎక్కడా కలవలేదు.

"మా తమ్ముడు అరవదేశం పోయినాడా? బోటేసుకోనా?" అంది సామ్రాజ్యం.

"భానుప్రియా, గీత నేల మీద పోతా ఉందమ్మా. ఇంకోసారి చూడు."

అటు వైపు కాసేపు గాలి చప్పుడు. తర్వాత నాలుక కరుచుకున్న చప్పుడు. "అన్నా, తిట్టొద్దు. యాంటెన్నా వెనకా ముందూ తిప్పి పట్టుకున్నా. గాలికి కంగారైంది. నలభై డిగ్రీలు. నలభై!"

మాల్యాద్రి నలభై కొట్టాడు. గీత వెనక్కి తిరిగి ఈశాన్యంగా వచ్చింది. మొదటి గీతను ఒకచోట కోసుకుంటూ పోయింది. నుదుటి గీతల సంగతి ఎవరికీ తెలియదు గానీ, పటం మీది గీతలు మాత్రం స్వర్ణముఖి ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర కలిశాయి.

ల్యాప్‌టాపును మేడెక్కి వచ్చిన మాలకొండయ్య ముందు పెట్టి, ఎలా చెప్పాలా అని మాల్యాద్రి తడుముకుంటుంటే పెద్దాయనే అందుకున్నాడు.

"ఆగాగు. ఈ మేడ కాణ్నుంచి ఒక గీత. సత్రం కాణ్నుంచి ఒక గీత. రెండూ కలిసిన కాడ బోటు. అంతేనా?"

"అంతే మామా."

"ఓరి నీ పాసుగూల! ఇది మా పనే గదరా!" మాలకొండయ్య మొహం మొదటిసారి విప్పారింది. "కరెంటు కంపెనీ పొగగొట్టం మీదికి గుడి గోపురం రావాల. అది ఒక గీత. ఈ సొసైటీ మేడ మీదికి ఆ తాటితోపు రావాల. అది ఒక గీత. రెండూ కలిసిన కాడే మా తాతల నాటి నుంచి వల వేస్తా ఉండాం. మేము నీళ్లలోంచి నేలను చూసి చేసేది, నువ్వు నేల మీద నుంచి నీళ్లను చూసి చేసినావు. దీనికి ఇంత పెద్ద చదువెందుకు?"

ఆ తర్వాత ఆయనకు ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. ఆయనే చెప్పుకుపోయాడు. "పిల్లోడు తెలివైనోడు. ఈశాన్యం గాలి తోస్తా ఉంటే ఎదురీది ఇక్కడికొస్తే, ఒడ్డున విరిగే అలల్లో బోటు బోర్లాపడతాది. గాలితో పాటు కిందికి దిగిపోయి మొగలో దూరినాడు. మొగలో నీళ్లు నిలకడ. నేనైనా అదే చేస్తా." మేడ అంచుకు పోయి కిందికి గొంతెత్తాడు. "రేయ్, బోట్లు ఆపండ్రా! ఎవురూ పోబాకండి!"

మొగ దగ్గర పాళెంలో ఆయన వియ్యంకుడున్నాడు. ఫోను చేసి, "బావా, మొగలో నీలం ఫైబరు బోటుందేమో పోయి చూడు, బిరీన" అన్నాడు. వియ్యంకుడికి మోకాళ్ల నొప్పులు. ఇంటి నుంచి మొగకు నడవాలి. పదకొండు నిమిషాలు పట్టింది. ఆ పదకొండు నిమిషాలు మాల్యాద్రి నోట ఒక్క మాట రాలేదు. సామ్రాజ్యానికి అది కూడా ఒక భయమే అయింది. పెళ్లయి ఇరవై రెండేళ్లలో మొగుణ్ని ఇంతసేపు మూగవాడిగా చూడలేదు.

ఫోను మోగింది. మాలకొండయ్య స్పీకరు నొక్కాడు.

"మామా?" అంది అవతలి గొంతు. నోటి నిండా ఏదో ఉంది. "నేనే, పెంచలకృష్ణని. ఏంది, నన్ను చూసి రమ్మన్నారంట?"

మేడ మీద ఒక్కసారిగా ఏడ్చారో నవ్వారో చెప్పడం కష్టం. వెంకటశేషమ్మ మెట్లెక్కి రొప్పుతూ వచ్చి ఫోను లాక్కుంది.

"రేయ్, ఏం చేస్తా ఉండావురా ఆడ?"

"అన్నం తింటా ఉండా మా. ఇక్కడోళ్లు పెట్టినారు. రొయ్యల కూర."

"ఇక్కడ నా పేగులు తెగిపోతా ఉంటే నీకు రొయ్యల కూర కావాల్సొచ్చిందా? ఒక ఫోను చేసేదానికి ఏం రోగం?"

"నా ఫోను తడిసిపోయిందిమా."

"పక్కోడి ఫోను తడిసిందా?"

"చేసేదెందుకని... మీరు పటంలో చూస్తానే ఉంటారు గదా? బావ చెప్పలా?"

అందరూ మాల్యాద్రి వైపు తిరిగారు. అతను ఆకాశం వైపు తిరిగాడు. మబ్బు పట్టినా ఆకాశం చూడ్డానికి చాలా బాగుంది.

"ఒరేయ్ పెంచలయ్యా" అన్నాడు ఫోనులోకి వంగి. "ముందు పెట్టె నెత్తి మీద రేకు తీసి కిందికి కట్టు. ఇంజనుకు కట్టు, నీ నడుముకు కట్టు, యాడన్నా కట్టు. నెత్తిన మాత్రం వద్దు."

"తీస్తే అమ్మ తిడతాది."

"తీయకపోతే తిడతా!" అంది అమ్మ.

ఐదు నిమిషాల తర్వాత, ఆఫీసులోకి దిగిపోయిన బెన్హర్ కింద నుంచి కేకేశాడు. ఎర్రచుక్క నడిసముద్రంలోంచి ఒక్క గెంతులో దూకి మొగలో పడిందట. ల్యాప్‌టాపులో బూడిద చుక్క ఎరుపెక్కింది. దొరవారిసత్రం నుంచి భానుప్రియ కూడా, "వచ్చినాడన్నా, వచ్చినాడు! ఏట్లోకి దూరిపోయినాడు!" అని అరిచింది. "ఇంతకీ మన మూడిట్లో ఏది రైటు?"

"మూడూ సగం సగమే తల్లీ. ఇకనుంచి చుక్క పక్కన రెండు టైములూ రాద్దాం. చీటీ ఎప్పుడొచ్చింది, చోటు ఎప్పటిది. చుక్కను ఎవురూ తీసేయొద్దు. రంగు చూసి ఎవురూ బోట్లు తోలొద్దు."

"సరే. ఫిన్లండాయనకు నేను రాస్తాలే. ఆడ ఇంకా తెల్లారుండదు. రాగిరేకంటే ఏందని అడిగితే ఏం చెప్పాల?"

"మా అత్త అని చెప్పు."

ఎనిమిదేళ్లలో మాట్లాడుకోనిది రెండు నిమిషాల్లో తేలిపోయింది. మాల్యాద్రి అక్కడే మేడ మీద, యాంటెన్నా ఒళ్లో పెట్టుకుని చతికిలబడ్డాడు. సామ్రాజ్యం పక్కన కూర్చుని, చెదిరిన అతని జుట్టును చేత్తో ఒకసారి సర్దింది. మొగుడి జుట్టు సర్దడం ఆమెకు అలవాటు లేని పని. వెంటనే లేచి నిలబడింది.

కింద నుంచి మాలకొండయ్య కేక వినపడింది. "మేడ మీద కాపరాలు చాలు, దిగండి! మూడు బోట్లు సగం నీళ్లలో ఉండాయి. ఎవురు లాగేది, మీ ఫిన్లండాయనా?"

అలల అంచున మూడు బోట్లు ఊగుతున్నాయి. ఒక్కోదానికి తాడు కట్టి, ఊరు ఊరంతా తాడు పట్టింది. పోవాల్సిన పన్నెండు మందీ తాడు పట్టారు. వాళ్ల పెళ్లాలూ పట్టారు. పన్నెండో వాడి పెళ్లాం, కొత్తగా పెళ్లయిన పిల్ల, మొగుడి పక్కనే నిలబడి అతని తాడునే పట్టుకుంది. మాల్యాద్రి కళ్లజోడు బెన్హర్ జేబులో పెట్టి వాళ్ల వెనక చేరాడు. గూడూరులో గ్యాస్ బండ ఎత్తమంటే నడుం నొప్పి అని చెప్పే మనిషి.

"ఐలేసా అంటే లాగాల" అన్నాడు ముందున్నవాడు. "ఊరికే అరిస్తే బోటు రాదు."

"అరిచే పని నాకు తెలుసులేవయ్యా."

"ఐలేసా!"

బోటు మూరెడు జరిగింది. ఇసుకలో మడమలు కూరుకుపోయాయి. వాన మొదలైంది, సన్నగా, ఏటవాలుగా. ఎవరూ తాడు వదిలి పరుగెత్తలేదు. వెంకటశేషమ్మ చీర పైకి దోపుకుని అల్లుడి వెనక తాడు పట్టింది. ఆవిడ లాగుడుకు అతను ఒక అడుగు వెనక్కి జరిగాడు.

"అత్తా, నన్ను కాదు, బోటును లాగు!"

"నీ మాటలాపి బలం పెట్టు నాయనా. ఇంకా రెండుండాయి."